శీనుగాడికి: బురదరంగు పెట్టె సంగతులు

ఒరేయ్ శీనూ,

మొన్న ఫోన్‌లో నువ్వు అడిగినదానికి రెండు ముక్కల్లో జవాబు చెప్పలేక ఇలా ఉత్తరం మొదలుపెట్టాను. తీరిగ్గా కూర్చుని చదువుకో. "మీ దేశంలో సిగరెట్ పెట్టెల మీద రంగులూ గుర్తులూ తీసేశారంటగా, పిల్లలు తాగడం మానేశారా?" అన్నావు. నీ తొమ్మిదో తరగతి కుర్రాళ్ళు ప్రహరీగోడ వెనక దమ్ము లాగుతూ దొరికారన్న టెన్షన్‌లో ఉన్నావు కాబట్టి, మానేశారనే చెప్పేస్తే నీకు హాయిగా ఉండేది. కానీ నిజం అంత సుళువుగా లేదు. అలాగని ఉత్త దండగ వ్యవహారమని కూడా అనను.

నేను మెల్‌బోర్న్ వచ్చిన కొత్తలో పెట్రోలు బంకు కొట్లో రాత్రి షిఫ్టు చేసేవాణ్ణని తెలుసుగా. సరిగ్గా అప్పుడే ఈ చట్టం అమల్లోకి వచ్చింది. చట్టం 2011లో చేశారు, కొట్లలో పూర్తిగా అమలైంది 2012 డిసెంబరు 1 నుంచి. ప్రపంచంలో మొదట చేసింది వీళ్ళే. ఆ నవంబరు నెలంతా మా బీరువాలో సగం పాత పెట్టెలు, సగం కొత్తవి. బీరువా అంటున్నానేంటా అనుకుంటున్నావా? విక్టోరియా రాష్ట్రంలో 2011 నుంచే సిగరెట్లు కంటికి కనబడేలా పెట్టకూడదు. తలుపు మూసిన అరలో ఉంచి, ఎవరైనా అడిగితేనే తీసి ఇవ్వాలి. కొత్త పెట్టెలన్నీ ఒకేలా ఉండేసరికి మొదట్లో నాకు చేతికి దొరికేవి కావు. వరసలో నిలబడ్డవాళ్ళు విసుక్కునేవాళ్ళు. అక్షర క్రమంలో సర్దుకున్నాక అలవాటైపోయింది.

ఆ పెట్టె ఎలా ఉంటుందంటే, మొత్తం బురదరంగు. ఏ రంగు పెడితే జనానికి రోత పుడుతుందో కనుక్కోవడానికి ఒక సర్వే కంపెనీ చేత ప్రత్యేకంగా పరిశోధన చేయించి మరీ ఎంచుకున్నారు. రంగుల పుస్తకంలో దాని నంబరు పాంటోన్ 448సి. మొదట దాన్ని ఆలివ్ ఆకుపచ్చ అన్నారట. ఆలివ్ రైతుల సంఘం వాళ్ళు మా పంట పరువు తీస్తారా అని గొడవపెడితే ముదురు గోధుమరంగు అని మార్చారు. ముందువైపు 75 శాతం, వెనకవైపు 90 శాతం హెచ్చరికలు, బొమ్మలు. కుళ్ళిన కాలు, నోటి క్యాన్సర్, గుచ్చుకున్నట్టు చూసే కన్ను. బ్రాండు పేరుంటుంది, కాకపోతే అందరికీ ఒకే అక్షరాలు, ఒకే సైజు. మెరుపు కాగితం లేదు, ఉబ్బెత్తు ముద్ర లేదు. "ఆ కాలు బొమ్మది వద్దు, ఇంకోటి ఇవ్వు" అని అడిగినవాళ్ళున్నారు. కొందరైతే కంపెనీవాడు పొగాకు మార్చేశాడు, రుచి పోయింది అని నా మీద ఎగిరేవాళ్ళు. లోపలి సరుకు అదే! అట్ట మారితే నాలుకకి రుచి మారింది. ఆ పెట్టె ఎంత పని చేస్తుందో నాకు అర్థమైంది అక్కడే.

ఇక పిల్లల సంగతి. విక్టోరియా క్యాన్సర్ కౌన్సిల్ పరిశోధకులు చట్టానికి ముందు 2011లోనూ, తర్వాత 2013లోనూ స్కూళ్ళకి వెళ్ళి 12 నుంచి 17 ఏళ్ళ పిల్లల్ని అడిగారు. తేలిందేమిటంటే, పెట్టెలు బాగున్నాయనే పిల్లలు తగ్గారు. ఈ బ్రాండు పెట్టె ఆ బ్రాండుకన్నా బాగుంటుంది అనడం కూడా తగ్గింది. నాకు విచిత్రంగా అనిపించింది వేరే ఉంది. హెచ్చరికలు అంత పెద్దవి చేసినా, పిల్లలు వాటిని చదవడం, వాటి గురించి ఆలోచించడం పెద్దగా పెరగలేదు. చూశావా? భయం పెరగలేదు, మోజు తగ్గింది. పద్నాలుగేళ్ళవాడికి యాభై ఏళ్ళకి వచ్చే జబ్బు చూపిస్తే ఏం లెక్క? వాడికి కావలసింది ఇవాళ స్నేహితుల ముందు కాస్త గొప్పగా కనబడటం. ఆ గొప్ప చూపించుకునే వస్తువునే వికారంగా చేశారు వీళ్ళు. నా లెక్కలో ఈ చట్టం చేసిన అసలు పని అదే.

మనకి ఇది తెలియనిదా చెప్పు. ఖాళీ సిగరెట్ పెట్టెల అట్టలు చించి పందెం ఆడేవాళ్ళం గుర్తుందా? చార్మినార్ అట్టకి విలువే లేదు, ఎక్కడ చూసినా అదే. ఎవడైనా ఫారిన్ పెట్టె అట్ట తెస్తే ఆ రోజుకి వాడే జమీందారు. ఒక్క దమ్ము లాగని వయసులోనే ఏ బ్రాండు గొప్పదో, ఏది చవకదో మనకి కంఠతా వచ్చు. సచిన్ చొక్కా మీద విల్స్ అని ఉండేది, 2001 దాకా. ఇక్కడా అంతే, 1992 ప్రపంచ కప్పు పేరే బెన్సన్ అండ్ హెడ్జెస్ కప్పు. సిగరెట్ ప్రకటనలు టీవీలో ఆపారు, పత్రికల్లో ఆపారు, ఆటల్లో ఆపారు, కొట్లో అరకి తలుపు వేశారు. చివరికి మిగిలిన ప్రకటన బోర్డు జేబులోంచి తీసి టేబుల్ మీద పెట్టే ఆ పెట్టె ఒక్కటే.

కంపెనీలు ఊరుకుంటాయా? ఇక్కడి అత్యున్నత కోర్టుకి వెళ్తే 2012 ఆగస్టులో 6-1 తేడాతో ఓడిపోయాయి. ఫిలిప్ మోరిస్ వాళ్ళు హాంకాంగ్‌తో ఉన్న పెట్టుబడుల ఒప్పందాన్ని పట్టుకుని ఇంకో కేసు వేశారు, 2015లో అదీ కొట్టేశారు. తర్వాత కొన్ని దేశాలు ప్రపంచ వాణిజ్య సంస్థకి ఎక్కితే అక్కడ 2018లో ఒకసారి, 2020లో అప్పీలులో మరోసారి ఆస్ట్రేలియాయే గెలిచింది. పని చేయకపోతే ఇంత కొట్లాట ఎందుకు అంటారు ఇక్కడ చాలామంది. నాకైతే కంపెనీల భయం పిల్లలు తగ్గుతారని ఒక్కటే కాదనిపిస్తుంది. పెట్టెలన్నీ ఒకేలా ఉంటే ఖరీదైన బ్రాండుకి ఎక్కువ డబ్బు ఎందుకివ్వాలి అని మనిషి చవకదానికి దిగిపోతాడు. మా కౌంటర్ దగ్గరే దిగిపోయినవాళ్ళని చూశాను.

సరే, తాగడం తగ్గిందా అన్నావు. 2016లో ప్రభుత్వమే ఒక సమీక్ష వేసింది. పద్నాలుగేళ్ళు దాటినవాళ్ళలో తాగేవాళ్ళు 19.4 శాతం నుంచి 17.2 శాతానికి దిగారు. ఆ 2.2 పాయింట్ల తగ్గుదలలో 0.55 పాయింటు మాత్రమే పెట్టెల మార్పు వల్ల అని లెక్కగట్టారు. అంటే పావు వంతు. మిగతాది పన్నులు, ఇంకా ఇతర కారణాలు. 2013 డిసెంబరు నుంచి ఏటా 12.5 శాతం చొప్పున పన్ను పెంచుకుంటూ పోయారు కదా, ఒక్క పెట్టె కొంటే మన లెక్కలో రెండు వేల పైనే. జేబు ఖర్చు మీద బతికే కుర్రాడికి ఆ దెబ్బ గట్టిదే. కాబట్టి ఎవడైనా పెట్టె మారిస్తే చాలు అంతా మారిపోతుందని సభలో మాట్లాడితే చప్పట్లు కొట్టకు.

ఇప్పుడు అసలు ఒళ్ళు మండే సంగతి. పెట్టె మీద తీసేసిన రంగులన్నీ వేప్‌ల మీదికి, అంటే బ్యాటరీతో ఆవిరి పీల్చే ఈ-సిగరెట్ల మీదికి వచ్చి కూర్చున్నాయి. మామిడిపండు, పుచ్చకాయ, బబుల్‌గమ్ రుచులు, గులాబీరంగు, నీలంరంగు, హైలైటర్ పెన్నులా ఉండి పుస్తకాల సంచిలో ఇట్టే దాక్కునే వస్తువు. 2022-23లో చేసిన స్కూళ్ళ సర్వేలో 12 నుంచి 17 ఏళ్ళవాళ్ళలో దాదాపు 30 శాతం మంది ఒక్కసారైనా వేప్ పీల్చామన్నారు. 2017లో ఆ లెక్క 14 శాతం. మా పెద్దాడు "సిగరెట్టా, ఛీ, కంపు" అంటాడు. క్లాసులో వేప్ ఎవరెవరి దగ్గర ఉందో మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్తాడు. చివరికి 2024లో ప్రభుత్వం వాటినీ మందుల షాపులకే పరిమితం చేసింది. పండ్ల రుచులు తీసేసి పుదీనా, మెంథాల్, పొగాకు మాత్రం ఉంచింది. దొంగచాటున దొరుకుతూనే ఉన్నాయనుకో.

మరి మన దగ్గర? 2016 ఏప్రిల్ నుంచి పెట్టెకి రెండువైపులా 85 శాతం బొమ్మ ఉండాలి. అది తక్కువేం కాదు. కానీ మీ స్కూలు దగ్గర బడ్డీ కొట్టువాడు పెట్టె ఎక్కడ చూపిస్తున్నాడురా? విడిగా ఒక్కటి తీసి ఇస్తాడు, తాడుకి వేలాడే లైటర్‌తో అక్కడే అంటించుకుంటారు. నీ కుర్రాళ్ళ చేతికి బొమ్మా రాదు, హెచ్చరికా రాదు. ఇక్కడ చిన్న పెట్టెలైతే పిల్లలు కొనగలుగుతారని ఇరవైకి తక్కువ అమ్మడమే ఆపేశారు. మన దగ్గర పది, ఇరవై రూపాయలకి ఒక్కటి వస్తుంది. బురదరంగు అట్ట ఢిల్లీలో రేపు ఆర్డరిచ్చినా, విడి అమ్మకం ఉన్నంతకాలం అది కొట్టువాడి డ్రాయర్‌లోనే ఉండిపోతుంది. కెనడావాళ్ళు 2023లో ఒక్కో సిగరెట్ మీదే హెచ్చరిక అచ్చువేయాలని రూలు తెచ్చారు, ఇప్పుడు ఇక్కడా తెచ్చారు. మనకి పనికొచ్చేది అదీ, విడి అమ్మకం ఆపడమూ.

ఇదంతా ఒంగోలు పక్కన కూర్చుని నువ్వు చదువుతావని తలుచుకుంటే నవ్వొస్తోంది. మీ నాన్న బ్యారన్‌లో, అదే ఆకుని వేడికి ఆరబెట్టే కొట్టంలో, కాల్చిన వర్జీనియా పొగాకు డబ్బుతోనే కదా నువ్వు బీఈడీ చేసింది. రైతుని నేనేం అనడం లేదు. శనగ వేస్తే గిట్టుబాటు కాదు, మిర్చి వేస్తే వైరస్, ఆయన మాత్రం ఏం చేస్తాడు.

నువ్వు చేయగలిగింది ఒకటుంది. దొరికిన కుర్రాళ్ళని ప్రేయర్‌లో నిలబెట్టి ఊపిరితిత్తుల బొమ్మ చూపించకు, అందరి ముందూ హీరోలైపోతారు. స్కూలుకి వంద గజాల లోపల అమ్మకూడదు, పద్దెనిమిదేళ్ళ లోపువాళ్ళకి అసలు అమ్మకూడదు అని మన చట్టంలో 2003 నుంచీ ఉంది. హెడ్మాస్టరు సంతకంతో ఆ కొట్టువాడి మీద కాగితం పెట్టించు. ఊళ్ళో వాడెవడికో చుట్టమై ఉంటాడని తెలుసు, అయినా పెట్టించు. ఏం జరిగిందో రాయి.

చెల్లెమ్మని అడిగానని చెప్పు. ఈసారి వేలంలో కిలో ఎంత పలికిందో మీ నాన్నని కనుక్కుని అదీ రాయి, మా ఆవిడ వాళ్ళ అన్నయ్య కౌలుకి వేసి బెంగపడుతున్నాడు.

నీ
రాఘవ