హోంగాన్‌జీ సేనాపతి

చిట్టితల్లీ,

బౌద్ధ మందిరానికి సేనాపతి ఎందుకని అడిగావు. జపాన్‌లోని హోంగాన్‌జీ అనే బౌద్ధ మందిరానికి సేనాపతిగా ఉన్న షిమొజుమా రైరెన్ గురించి చెప్తే నీకు అర్థమవుతుంది.

ఇప్పుడు ఒసాకా కోట ఉన్నచోట అప్పట్లో ఇషియామా హోంగాన్‌జీ ఉండేది, జోదో షిన్షూ అనే బౌద్ధ శాఖకు అదే పీఠం, కోటలా కట్టిన మందిరం. పీఠాధిపతి కెన్న్యో. షిమొజుమా వాళ్లు తరతరాలుగా ఆ పీఠాన్ని కొలిచిన కుటుంబం. తల గొరిగించుకున్నా సంసారులే, ఆ శాఖలో గురువులే పెళ్లి చేసుకునేవారు. జపాన్‌ని తన కిందికి తెచ్చుకోవాలని చూస్తున్న ఒదా నొబునాగా అనే యుద్ధ ప్రభువుతో యుద్ధం 1570లో మొదలై 1580 దాకా సాగింది.

రైరెన్‌ని కత్తి దూసి ముందుకురికే వీరుడిగా ఊహించుకోకు. ఊళ్ల నుంచి వంతులవారీగా కాపలాకొచ్చే భక్తులు, సైకా అనే ప్రాంతం నుంచి వచ్చిన తుపాకీవాళ్లు, వీళ్లెవరూ ఆయన సామంతులు కారు. వాళ్లను కదిలించింది ఉత్తరాలే. కెన్న్యో ఉత్తరానికి జతగా షిమొజుమా వాళ్ల సంతకంతో మరొకటి వెళ్లేది.

తుపాకీ పని ఓపికతో కూడుకున్నది. గొట్టంలో మందు పోసి, సీసపు గుండు వేసి, కడ్డీతో దట్టించాలి. పక్కనున్న చిన్న పళ్లెంలో మెత్తటి మందు పోసి మూత వెయ్యాలి. ఆ తర్వాతే రగిలే వత్తిని కొక్కేనికి తగిలించాలి. మూత మరిచిపోతే నిప్పురవ్వ పడి అనుకోకుండా పేలుతుంది. వరసగా కాలిస్తే గొట్టంలో మసి పేరుకుని గుండు దిగదు. వాన పడితే వత్తి ఆరిపోతుంది. 1576లో తెన్నోజీ దగ్గర ఈ తుపాకులే నొబునాగా సేనాని బాన్ నవోమసాను బలిగొన్నాయి, నొబునాగా కాలికీ గుండు తగిలింది.

అయినా కోటను నిలబెట్టింది బియ్యమే. అదే ఏడాది కిజు నది ముఖద్వారం దగ్గర మందిరం పక్షాన ఉన్న మోరీ వంశం నౌకలు నిప్పుకుండలు విసిరి, ఒదా పడవల్ని కాల్చి తిండిగింజలు చేర్చాయి. 1578లో నొబునాగా నౌకాసేనాని కుకి యొషితాకా 6 పెద్ద ఓడలు అక్కడికి తెచ్చి మోరీ వాళ్లను ఓడించాడు. ఆ సరఫరా చిక్కిపోయాక గెలుపు మాట అటుంచి, ఎలా ముగించాలన్నదే మిగిలింది.

మనుషుల మనసు చెడితే ఏమవుతుందో రైషోను చూడు. ఆయనా షిమొజుమానే. ఎచిజెన్ ప్రాంతాన్ని ఏలడానికి మందిరం పంపింది. ఆ పెత్తనం నచ్చక అక్కడి భక్తులే ఎదురుతిరిగారు. 1575లో నొబునాగా వచ్చిపడేసరికి ఒక్కతాటిమీద నిలబడేవాళ్లు లేకపోయారు, రైషో ప్రాణం పోయింది.

1580లో చక్రవర్తి ఆస్థానం మధ్యవర్తిత్వంతో సంధి కుదిరింది. మందిరం తరఫున సంతకం చేసినవాళ్లలో రైరెన్ ఒకడు. అప్పటి జపాన్ పంచాంగం ప్రకారం నాలుగో నెలలో కెన్న్యో వెళ్లిపోయాడు. కొడుకు క్యోన్యో మాత్రం ఎనిమిదో నెల దాకా కోట వదలనన్నాడు. అతను కదిలిన వెంటనే మందిరం కాలిపోయింది. పదేళ్లు కాపాడిన చోటును వదులుకోవడానికి సంతకం చెయ్యడమే రైరెన్ చేసిన అతి కష్టమైన పని అని నా నమ్మకం.

ప్రేమతో,
నాన్న