ఆదివారం మన మున్సిపల్ స్కూల్లో మీటింగ్

అందరికీ నమస్కారం 🙏

ఈ ఆదివారం ఉదయం 9 గంటలకు ఎంవీపీ కాలనీలోని మన జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) స్కూల్లో కలుద్దాం. హెడ్మాస్టర్ గారు, పేరెంట్స్ కమిటీ వాళ్లు కూడా వస్తారు. గంటలో ముగించేద్దాం, రైతు బజార్‌కి వెళ్లాల్సినవాళ్లు అటు నుంచి అటే వెళ్లొచ్చు.

చందాల కోసం కాదు, ముందే చెప్తున్నా. కావాల్సింది మీ టైమ్. సాయంత్రం 5 నుంచి 6 వరకు పదో తరగతి పిల్లలకు లెక్కలు, ఇంగ్లీషు చెప్పాలి. వారానికి ఒక్కరోజు వచ్చినా చాలు. కానీ మొదలుపెడితే పబ్లిక్ పరీక్షల దాకా ఆపకూడదు. రెండు వారాలు వచ్చి, ఫోటోలు దిగి మాయమయ్యే సాయం వద్దు.

ఇంకోటి, స్కూల్లో సైన్స్ ల్యాబ్‌కి నిధులు. కంపెనీల చట్టం 2013 ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత పనులకి, అంటే సీఎస్ఆర్‌కి ఖర్చు పెట్టాలి, అందులో విద్య కూడా ఉంది. హెచ్‌పీసీఎల్, షిప్‌యార్డ్‌లో పనిచేసినవాళ్లు ఆ నిధులకి దరఖాస్తు ఎలా పెట్టాలో చెప్పండి.

విద్యాహక్కు చట్టం ప్రకారం స్కూల్ కమిటీలో కనీసం 75 శాతం తల్లిదండ్రులే ఉంటారు. కాబట్టి నిర్ణయం వాళ్లది. మనం పాఠాలు చెప్పేది పిల్లలకు, కమిటీకి కాదు 🙂

శుక్రవారం రాత్రిలోపు మీ పేరు, సబ్జెక్టు, ఖాళీగా ఉండే రోజు ఈ గ్రూపులోనే రాయండి. పాత గైడ్లు ఇప్పుడే తేవద్దు, ఏవి కావాలో టీచర్లను అడిగి చెప్తాం.

అప్పటిదాకా గుడ్ మార్నింగ్ ఫోటోలు కాస్త తగ్గించండి, పేర్లు పైకి వెళ్లిపోయి దొరకట్లేదు.