గూఢచారి నవలల్లో చిత్రహింసలు చెప్పించే ‘నిజం’

సంపాదకుడు గారికి నమస్కారం.

అంతర్జాతీయ ఉగ్రవాదం మీద వచ్చే గూఢచారి నవలలను సమీక్షించేటప్పుడు పత్రికలు ‘వాస్తవానికి అద్దం పట్టిన రచన’ అనే మాటను మరీ ఉదారంగా వాడుతున్నాయి. తుపాకుల రకాలు, విమానాశ్రయాల వివరాలు సరిగ్గా ఉంటే చాలు, నవల మొత్తానికి ఆ కితాబు దక్కుతోంది. నా అభ్యంతరం వీటిలో తరచూ ఎదురయ్యే ఒక ఘట్టం గురించి. బాంబు పేలడానికి గంటే వ్యవధి ఉంటుంది. పట్టుబడినవాడు నోరు విప్పడు. కథానాయకుడు చిత్రహింసలు పెట్టగానే వాడు చిరునామా చెప్పేస్తాడు, నగరం బతికి బయటపడుతుంది.

చరిత్రలో జరిగింది వేరు. అఫ్గానిస్థాన్‌లో సాయుధ శిక్షణ శిబిరం నడిపి, 2001 చివర్లో పట్టుబడిన ఇబ్న్ అల్ షేక్ అల్ లిబీని అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ ఈజిప్టుకు తరలించగా, రసాయనిక, జీవాయుధాల్లో అల్ ఖైదాకు ఇరాక్ శిక్షణ ఇచ్చిందని అతడు అక్కడ చెప్పాడు. అతడి పేరు బయటపెట్టకుండా ఆ మాటనే 2003 ఫిబ్రవరిలో అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ భద్రతా మండలికి వినిపించారు. మరుసటి నెలలోనే ఇరాక్ మీద యుద్ధం మొదలైంది. హింస తప్పించుకోవడానికి అదంతా అల్లి చెప్పానని అల్ లిబీ 2004లో వెల్లడించాడు. దెబ్బలకు ఓర్వలేనివాడు, అడిగేవాడు ఏది వినదలచుకుంటే అదే చెబుతాడు. ఇంత పెద్ద కథ నేను చదివిన నవలల్లో కనిపించకపోవడం నాకు వింతగానే ఉంటుంది. సీఐఏ తన బందీల మీద వాడిన కఠిన విచారణ పద్ధతులు సమాచారం రాబట్టడానికి పనికిరాలేదని అమెరికా సెనేట్ నిఘా కమిటీ కూడా 2014 డిసెంబరులో తేల్చింది. ఇక 1984 నాటి ఐక్యరాజ్య సమితి ఒడంబడిక ప్రకారం యుద్ధం సైతం చిత్రహింసలకు సాకు కాదు.

ఉత్కంఠ కావాలంటే అది వేరేచోట పుష్కలంగా ఉంది. సెప్టెంబరు 11 దాడుల హైజాకర్లలో ఇద్దరు 2000 జనవరికే సీఐఏ కంటపడ్డారు. వాళ్ల పేర్లు నిఘా జాబితాకు ఎక్కింది మాత్రం 2001 ఆగస్టు చివర్లో. ఒక కార్యాలయంలో ఉన్న కబురు పక్క కార్యాలయానికి వేళకు చేరకపోవడాన్ని రక్తి కట్టించడం కష్టమే, కాని అసాధ్యం కాదు.

కల్పనకు హద్దులు గీయమని నేను కోరడం లేదు. ‘నిజ సంఘటనల ఆధారంగా’ అని అట్ట మీద అచ్చువేసినప్పుడు ఏ సంఘటనలని సమీక్షకులు అడగాలి; తుపాకుల వివరాలను సరిచూసినంత శ్రద్ధగా విచారణ గదిని కూడా సరిచూడాలి. మీ పుస్తక సమీక్షల పేజీ ఈ పని మొదలుపెట్టాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు