టికెట్ రేటుకి సీలింగ్ (గరిష్ఠ పరిమితి) గురించే గొడవంతా, మరి ఫ్లోర్ (కనిష్ఠ పరిమితి) సంగతి?

ఎడిటర్ గారికి నమస్కారం,

పెద్ద సినిమా రిలీజైన ప్రతిసారీ మన రెండు రాష్ట్రాల్లో టికెట్ రేట్ల మీద ఒకటే గోల. జీవో వచ్చిందా, ఎంత పెంచుకోమన్నారు, కోర్టుకి ఎవరెళ్ళారు, మీ పేపర్లోనూ వారం రోజులు అవే వార్తలు. నేను డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్తాను. ప్రైస్ కంట్రోల్ పాఠం వచ్చినప్పుడు పుస్తకంలో ఉండే ఇంటి అద్దెల ఉదాహరణ పిల్లలకి ఎక్కదు, అదే సినిమా టికెట్ గురించి చెప్తే వెనక బెంచీ వాళ్ళు కూడా లేచి మాట్లాడతారు. వాళ్ళతో మాట్లాడాకే ఈ ఉత్తరం రాయాలనిపించింది.

2021 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 35 ఇచ్చింది, గుర్తుండే ఉంటుంది. పల్లెటూళ్ళలో నాన్ ఏసీ హాలుకి 5, 10, 15 రూపాయలు. ఆ రేటుకి కరెంటు ఖర్చు కూడా రాదని ఓనర్లు మొత్తుకున్నారు, ఆ డిసెంబర్‌లో రేట్లు గిట్టక కొన్ని, అధికారుల తనిఖీల తర్వాత కొన్ని హాళ్ళు మూతపడ్డాయి, వ్యవహారం హైకోర్టుదాకా వెళ్ళింది, చివరికి 2022 మార్చిలో జీవో 13తో కనిష్ఠం 20, గరిష్ఠం 250 అని మార్చారు. రేటు మరీ కిందికి నొక్కితే సరుకు అమ్మేవాడే దుకాణం కట్టేస్తాడన్నది ఇక్కడ అందరికీ అర్థమైంది. అంతవరకు బానే ఉంది.

కానీ ఎవరూ మాట్లాడని సంగతి ఒకటుంది. ఒకే సినిమా, ఒకే హాలు, ఒకే సీటు, అయినా డిమాండ్ ఎలాస్టిసిటీ, అంటే రేటు మారితే కొనేవాళ్ళు ఎంత మారతారన్నది, రోజుని బట్టి మారిపోతుంది. మొదటి మూడు రోజులు అభిమానికి రేటుతో పనిలేదు, వంద పెంచినా వస్తాడు, డిమాండ్ ఇనెలాస్టిక్. సీట్లేమో పెరగవు. అప్పుడు సీలింగ్ పెడితే ఆ తేడా డబ్బులు ప్రేక్షకుడి జేబులో మిగలవు, బ్లాక్‌లో అమ్మేవాడికి పోతాయి, ఇది మన ఊళ్ళలో తరతరాలుగా చూస్తున్నదే. రెండో వారం వచ్చేసరికి కథ మొత్తం తిరగబడుతుంది. మంగళవారం మ్యాట్నీకి ఎవరొస్తారు? నెల ఆగితే ఓటీటీలో ఇంట్లోనే చూడొచ్చు అనుకునే కుటుంబం, వాళ్ళకి రేటే ముఖ్యం, యాభై తగ్గిస్తే నలుగురూ కదులుతారు, తగ్గించకపోతే ఒక్కరూ రారు.

ఇక్కడే తెలంగాణ సంగతి చెప్పాలి. 2021 డిసెంబర్‌లో ఇచ్చిన జీవో 120లో మల్టీప్లెక్స్ మామూలు సీటుకి గరిష్ఠం 250, కనిష్ఠం 100, దానిమీద జీఎస్టీ. అందరూ ఆ 250 గురించే కొట్టుకుంటారు, నాకు మాత్రం ఆ 100 దగ్గరే బాధ. అది ఫ్లోర్ ప్రైస్, అంటే అంతకంటే తక్కువకి అమ్మకూడదు. రైతుకి మద్దతు ధర పెట్టామంటే అర్థముంది, ప్రభుత్వం ఆ ధరకి కొంటానంటుంది కాబట్టి. ఖాళీ సీట్లని ఎవరు కొంటారండీ? షో మొదలయ్యాక ఖాళీ సీటు విలువ సున్నా, రేపటికి దాచుకునేది కూడా కాదు.

ఊరికే లెక్క కోసం ఒక ఉదాహరణ అనుకుందాం. వారం మధ్యలో 150కి 60 మంది వస్తే 9,000 వస్తుంది. 75 పెడితే 140 మంది వచ్చారనుకోండి, 10,500. హాలుకి లాభం, జనానికి లాభం, బయట పార్కింగ్ కుర్రాడికీ, టీ కొట్టుకీ లాభం. డిమాండ్ ఎలాస్టిక్‌గా ఉన్నప్పుడు రేటు తగ్గిస్తేనే ఆదాయం పెరుగుతుందని ఫస్టియర్‌లోనే చెప్తాం. 2022 సెప్టెంబర్ 23న నేషనల్ సినిమా డే అని దేశంలో చాలా మల్టీప్లెక్సులు 75 రూపాయలకే టికెట్ ఇచ్చినప్పుడు హాళ్ళు ఎలా నిండాయో చూశాం. రూల్ ప్రకారం చూస్తే తెలంగాణ మల్టీప్లెక్స్ ఆ రేటుకి దిగడానికి వీల్లేకపోయింది, 100కి అప్పటి జీఎస్టీ 12 కలిపితే 112 అవుతుంది. 2025 సెప్టెంబర్ నుంచి వంద రూపాయల వరకు ఉన్న టికెట్ల మీద జీఎస్టీ 5 శాతానికి తగ్గించారు, చాలా మంచి పని, కానీ కింద గోడ అలాగే ఉంది కాబట్టి 105 దగ్గర ఆగాల్సిందే.

దీనివల్ల ఎక్కువ దెబ్బ తినేది చిన్న సినిమా. పెద్ద హీరో సినిమాకి మొదటి వారం పెంచుకోమని స్పెషల్ పర్మిషన్ ఇస్తారు, ఆంధ్రాలో అయితే వంద కోట్ల బడ్జెట్ దాటిన వాటికి పది రోజులు అని జీవోలోనే రాశారు. కొత్త కుర్రాళ్ళు తీసిన సినిమాకి కావాల్సింది పెంచుకునే పర్మిషన్ కాదు, తగ్గించుకునే స్వేచ్ఛ. పేరు తెలియని సినిమాకి పెద్ద సినిమా రేటు పెడితే జనం ఎందుకు రిస్క్ చేస్తారు, 60 పెడితే ఎలా ఉందో చూద్దాం పదా అంటారు.

ఇంకోటి, టికెట్ మీద సీలింగ్ పెట్టి పాప్‌కార్న్‌ని వదిలేస్తే కుటుంబానికి ఒరిగేదేమీ లేదు. లోపలికి వెళ్ళాక వేరే కొట్టు ఉండదు, పిల్లాడు ఏడుస్తుంటే ఎంతైనా కొంటారు. బయటి తిండి వద్దనే హక్కు హాలుకి ఉంది కానీ మంచినీళ్ళు ఉచితంగా ఇవ్వాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. కనీసం అది అమలవుతోందో లేదో అధికారులు వెళ్ళి చూడాలి.

నేను అడిగేది ఒక్కటే. సీలింగ్ ఉంచండి, తీసేయండి, దానిమీద వాదన జరుగుతూనే ఉంటుంది. కనిష్ఠ రేటు మాత్రం వచ్చే జీవోలోనే ఎత్తేయండి, రెండో వారం నుంచి ఎంతకి అమ్ముకోవాలో హాలు వాళ్ళకే వదిలేయండి. దీనికి ప్రభుత్వం రూపాయి ఖర్చు పెట్టక్కర్లేదు.

ఇట్లు,
ఒక ఎకనామిక్స్ లెక్చరర్, వరంగల్