ఇకపై బిల్లు మీద ఇంకో లైను

కస్టమర్లందరికీ నమస్కారం.

వచ్చే నెల ఒకటో తారీకు నుంచి మన షాపులో ఏ స్మార్ట్‌ఫోన్ కొన్నా బిల్లులో మోడల్, ఐఎంఈఐ నంబరు, వారంటీ వివరాల కింద ఇంకో లైను ఉంటుంది. ఆ మోడల్ మార్కెట్లోకి ఏ నెలలో వచ్చింది, కంపెనీ ఎన్ని కొత్త ఆండ్రాయిడ్ వెర్షన్లు ఇస్తానంది, సెక్యూరిటీ ప్యాచ్‌లు (ఫోన్‌లోకి దొంగలు దూరే లొసుగులు పూడ్చే చిన్న అప్‌డేట్లు) ఎప్పటివరకు ఇస్తానంది, ఈ మూడూ అందులో రాస్తాం. కంపెనీ ఎక్కడా ఏమీ చెప్పకపోతే "కంపెనీ ఏమీ చెప్పలేదు" అనే రాస్తాం. ఆ లైను చదివి కొన్ని మోడళ్లు వద్దనేవాళ్లు ఉంటారని తెలుసు. డిస్ట్రిబ్యూటర్‌కి సంగతి తెలిసి అప్పుడే ఫోన్ చేశాడు, "నీకెందుకన్నా ఈ తలనొప్పి" అని.

తలనొప్పి కొత్తగా వచ్చేదేం కాదు, రోజూ ఉన్నదే. మన కౌంటర్ దగ్గర పగిలిన డిస్‌ప్లేల గోల తర్వాత ఎక్కువగా వినపడేది "అన్నా, అప్‌డేట్ వస్తుందన్నారు, ఇంకా రాలేదేంది?" అన్న మాటే. అమ్మేటప్పుడు బ్రాండ్ తరఫున నిలబడే ప్రమోటర్ కుర్రాడు "మూడేళ్లు అప్‌డేట్లు గ్యారంటీ సార్" అంటాడు. ఏడాది తిరిగేసరికి ఆ కుర్రాడు ఇంకో బ్రాండ్ టీషర్టు వేసుకుని ఇంకో షాపులో ఉంటాడు. కాల్ సెంటర్‌కి చేస్తే "దశలవారీగా విడుదల చేస్తున్నాం, దయచేసి వేచి ఉండండి" అంటారు. ఇక మీకు మనిషిగా కనపడేది నేనొక్కణ్నే కాబట్టి తిట్లు నాకు. అందుకు మిమ్మల్ని తప్పుపట్టను. డబ్బులు కట్టింది ఈ కౌంటర్ మీదే కదా.

మొన్నామధ్య ఇక్కడ ఖమ్మం మిర్చి మార్కెట్లో గుమస్తాగా చేసే ఒకాయన వచ్చాడు. ఫోన్ మీద ఒక్క గీత లేదు, పౌచ్ కూడా కొత్తదే. రెండు ఆండ్రాయిడ్ వెర్షన్లు వస్తాయని చెప్పి అమ్మారట, ఒక్కటే వచ్చిందట. సెట్టింగ్స్‌లోకి వెళ్లి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ నొక్కాను. చక్రం కాసేపు తిరిగి, పచ్చ టిక్కు పడి, "మీ సాఫ్ట్‌వేర్ తాజాగా ఉంది" అని వచ్చింది. అబౌట్ ఫోన్‌లో సెక్యూరిటీ ప్యాచ్ తేదీ చూస్తే ఏడాదిన్నర కిందటిది! ఫోన్ అబద్ధమేం చెప్పలేదు. ఆ మోడల్‌కి కంపెనీ దగ్గర అంతకన్నా కొత్తది లేదు, అందుకే టిక్కు పెట్టింది. ఆ పచ్చ టిక్కు చూసుకుని నిశ్చింతగా ఫోన్‌పేలు, బ్యాంకు యాప్‌లు వాడుకునేవాళ్లు మన ఊళ్లోనే ఎంతమంది ఉన్నారో.

మరి ఆయనకు రెండో వెర్షన్ ఎటుపోయింది? ఎటూ పోలేదు. ఆ మోడల్ మార్కెట్లోకి వచ్చిన ఏడాదికి పైగా అయ్యాక, పండగ ఆఫర్లో రేటు తగ్గితే ఆయన కొన్నాడు. మొదటి వెర్షన్ అప్పటికే ఫోన్‌లో ఎక్కించి పెట్టారు. అంటే డబ్బా తెరవకముందే రెండింట్లో ఒకటి ఖర్చయిపోయింది. కంపెనీ లెక్క ప్రకారం మాట తప్పలేదు. ఆయన లెక్క ప్రకారం సగం మోసం. ఇద్దరి లెక్కా కరెక్టే, కాకపోతే ఏ తేదీ నుంచి లెక్కపెట్టాలో కొనేటప్పుడు ఆయనకెవరూ చెప్పలేదు.

ఈ ఒక్క సంగతి మీ అందరికీ తెలియాలనే ఇంత రాస్తున్నాను. అప్‌డేట్ల గడువు మీరు కొన్న రోజు నుంచి మొదలవదు, మోడల్ మొదటిసారి మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచి మొదలవుతుంది. గూగుల్ పిక్సెల్ ఫోన్లకైతే అమెరికాలో వాళ్ల స్టోర్లో అమ్మకం మొదలైన రోజు నుంచి లెక్క. డబ్బా మీద స్టిక్కర్‌లో తయారీ నెల, సంవత్సరం ఉంటాయి. చాలామంది అది చూసి "కొత్త స్టాకే" అనుకుంటారు. అది ఆ పీసు ఫ్యాక్టరీ నుంచి బయటపడిన నెల. మూడేళ్ల కిందటి మోడల్‌ని పోయిన నెల తయారుచేసినా డబ్బా మీద పోయిన నెలే ఉంటుంది. పైగా కొన్ని మోడళ్లు వచ్చేటప్పుడే పాత ఆండ్రాయిడ్‌తో వస్తాయి. అప్పటికే బయటున్న వెర్షన్ ఇచ్చి దాన్నీ ఒక అప్‌డేట్ కింద రాసుకుంటారు. "రెండు అప్‌డేట్లు" అంటే అసలు అర్థం ఏంటో ఇప్పుడు మీరే చెప్పండి.

ఇదంతా లెక్కల మతలబు. అసలు మాటే తప్పిన కథలు వేరే ఉన్నాయి, అవి కంపెనీలే ఒప్పుకున్నవి.

పాత కస్టమర్లకు లూమియా 520 గుర్తుండే ఉంటుంది. ఒకప్పుడు కాలేజీ పిల్లల చేతుల్లో రంగురంగులుగా అదే కనపడేది. విండోస్ ఫోన్ 8 ఉన్న లూమియాలన్నిటికీ విండోస్ 10 ఇస్తామని 2014లో మైక్రోసాఫ్ట్ వాళ్లు ప్రకటించారు. 2016 మార్చిలో విడుదల మొదలయ్యేసరికి 520 లిస్టులో లేదు. 512 ఎంబీ ర్యామ్ ఫోన్లను చాలావరకు పక్కన పెట్టేశారు. వన్‌ప్లస్ 2కి ఆండ్రాయిడ్ 7 వస్తుందన్నారు, 2017లో రాదన్నారు. 2016 మేలో మన దేశంలో విడుదలైన మోటో జీ4 ప్లస్ కథ ఇంకా తమాషా. ఆండ్రాయిడ్ 8 కూడా వస్తుందని ప్రచారంలో రాసుకున్నారు. మరుసటి ఏడు అప్‌డేట్ల లిస్టు బయటికొస్తే అందులో ఆ ఫోన్ లేదు. జనం గోల చేస్తే పొరపాటైందని మళ్లీ చేర్చారు. తీరా అది చాలామంది చేతికి వచ్చేసరికి 2019 వచ్చింది, అప్పటికే ఆండ్రాయిడ్ 9 బజార్లో ఉంది. గోల చేసినవాళ్లకైనా దక్కింది, అదే నయం.

ఇక 5జీ సంగతి అయితే షాపులవాళ్లెవరూ మర్చిపోలేరు. 2021, 2022ల్లో "5జీ ఫోన్" అని చెప్పి అమ్మింది మేమే, కొన్నది మీరే. 2022 అక్టోబరు 1న దేశంలో 5జీ మొదలైంది. ఎయిర్‌టెల్ మొదట ఇచ్చిన 8 నగరాల్లో హైదరాబాద్ ఉంది. సిగ్నల్ ఉంది, ఫోన్లో చిప్పూ ఉంది, కానీ చాలా ఫోన్లలో కంపెనీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఇస్తే తప్ప 5జీ ఆన్ కాదు. ఐఫోన్లకు అది డిసెంబరులో ఐఓఎస్ 16.2తో గానీ రాలేదు. ఈలోపు కేంద్రం ఫోన్ కంపెనీలను పిలిచి తొందరపెట్టాల్సి వచ్చింది. లక్ష పెట్టి కొన్నవాళ్లూ, పదిహేను వేలు పెట్టి కొన్నవాళ్లూ ఒకే ప్రశ్న అడిగిన రోజులవి.

ఎందుకిలా జరుగుతుందంటే, గూగుల్ కొత్త ఆండ్రాయిడ్ వదలగానే అది మీ ఫోన్‌కి నేరుగా రాదు. ముందు చిప్పు తయారుచేసే క్వాల్‌కామ్‌గానీ మీడియాటెక్‌గానీ తమ చిప్పుకు తగ్గ కోడ్ ఇవ్వాలి. తర్వాత ఫోన్ కంపెనీ తన సొంత హంగులు అద్దుకోవాలి, కెమెరా నుంచి వేలిముద్ర దాకా అన్నీ పరీక్షించుకోవాలి. చిప్పు కంపెనీ పాత చిప్పును వదిలేస్తే ఫోన్ కంపెనీకి చేతులు కట్టేసినట్టే. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వని బాపతు. 2017లో ఆండ్రాయిడ్ 8తో గూగుల్ ప్రాజెక్ట్ ట్రెబుల్ అని తెచ్చి, చిప్పుకు సంబంధించిన భాగాన్ని మిగతా ఆండ్రాయిడ్ నుంచి విడదీసింది. దాంతో పని కొంత సులువైంది. కానీ పది వేల ఫోన్ మీద కంపెనీకి మిగిలేదే కొద్దిగా. అమ్మేసిన ఫోన్ మీద ఇంజినీర్లను కూర్చోబెట్టడం వాళ్లకు ఖర్చే, ఆదాయం కాదు. పైగా పాత ఫోన్ బాగా నడిస్తే కొత్తది ఎవరు కొంటారు? ఇది వ్యాపారం చేసేవాడిగా నా అనుమానం, సాక్ష్యం అడక్కండి.

మంచి కూడా చెప్పాలి. 2015లో వచ్చిన ఐఫోన్ 6ఎస్‌కి 2021లో ఐఓఎస్ 15 అందింది, అదీ పెద్దగా ప్రచారం చేసుకోకుండానే. 2023లో పిక్సెల్ 8తో గూగుల్, 2024 మొదట్లో గెలాక్సీ ఎస్24తో శాంసంగ్ 7 ఏళ్ల మాట ఇచ్చాయి. ఖరీదైన ఫోన్లకేనా అంటే, ఇరవై వేల లోపు వచ్చిన గెలాక్సీ ఏ16 5జీకి కూడా 6 వెర్షన్లు అన్నారు. ఆ మాటలన్నీ నిలబడతాయో లేదో 2030 దాటాక చూద్దాం. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి కొత్త రూలు అమల్లోకి వచ్చింది. ఓఎస్ (అంటే ఆండ్రాయిడ్ లాంటి ఫోన్ నడిపే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు ఇచ్చే కంపెనీ, ఒక మోడల్ అమ్మకం ఆపేసిన తర్వాత కూడా కనీసం 5 ఏళ్లు వాటిని ఉచితంగా అందుబాటులో ఉంచాలి. గమనించారా, అక్కడ లెక్క అమ్మకం ఆగిన రోజు నుంచి. ఆఫర్లో ఆలస్యంగా కొన్నవాడికి కూడా న్యాయం జరిగేది అలా లెక్కపెడితేనే. మన దగ్గర అలాంటి రూలు వచ్చేదాకా బిల్లు మీద లైను రాయడం తప్ప నాలాంటివాడు చేయగలిగింది లేదు.

ఇంకో రకం కస్టమర్లు కూడా ఉన్నారు. వాళ్లకు అప్‌డేట్ రాలేదన్న బాధ లేదు, వస్తుందేమోనని టెన్షన్. అప్‌డేట్ చేస్తే స్క్రీన్ మీద పచ్చ గీత పడుతుందని, బ్యాటరీ దిగిపోతుందని భయం. ఉట్టి పుకారని కొట్టిపారేయను. షియోమీ ఎంఐ ఏ3కి ఆండ్రాయిడ్ 11 అప్‌డేట్ 2020 చివర్లో వచ్చి, చేసుకున్న ఫోన్లు కొన్ని అసలు ఆన్ కాకుండా పోయాయి. వారంటీతో పనిలేకుండా బాగుచేసి ఇస్తామని కంపెనీ చెప్పాల్సి వచ్చింది. పచ్చ గీతల ఫిర్యాదులు ఎక్కువై వన్‌ప్లస్ మన దేశంలో కొన్ని మోడళ్ల స్క్రీన్లకు లైఫ్‌టైమ్ వారంటీ ఇచ్చింది. అయినా నా సలహా ఒకటే. నెలనెలా వచ్చే సెక్యూరిటీ ప్యాచ్ ఆపొద్దు, డబ్బులు తిరిగే ఫోన్ కదా. పెద్ద వెర్షన్ మారే అప్‌డేట్ అయితే రెండు మూడు వారాలు ఆగండి, ముందు చేసుకున్నవాళ్ల ఫోన్లు ఎలా ఉన్నాయో తెలుస్తుంది. చేసేముందు ఫొటోలు బ్యాకప్ తీసుకోండి.

బిల్లు మీద లైను గురించి మళ్లీ ఒక మాట. అది నేనిచ్చే గ్యారంటీ కాదు. మీరు కొన్న రోజు కంపెనీ సైట్లో ఉన్న మాట, అంతే. ఆ పేజీని తేదీతో సహా ప్రింట్ తీసి బిల్లుకు పిన్ను కొట్టి ఇస్తాం. రేపు కంపెనీ ఆ పేజీ మార్చేసినా మీ దగ్గర కాగితం ఉంటుంది. మాట తప్పితే ముందు 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు. పని కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు వస్తువుకు ఫీజు కూడా లేదు. తప్పకుండా గెలుస్తారని మాత్రం చెప్పను. నెదర్లాండ్స్‌లో వినియోగదారుల సంఘం అప్‌డేట్ల మీద శాంసంగ్‌ని 2016లో కోర్టుకు లాగితే 2018లో కేసు కొట్టేశారు. ప్రమోటర్ నోటిమాట మీద వెళ్లడం కన్నా కాగితం పట్టుకుని వెళ్లడం మేలని అంటున్నాను.

అమెరికా నుంచి పిల్లలు పంపిన ఫోన్లకు ఈ లైను రాయలేం, అడగొద్దు. అక్కడి నెట్‌వర్క్ కంపెనీ పేరుతో అమ్మిన ఫోన్లకు అప్‌డేట్ ఆ నెట్‌వర్క్ అనుమతి దాటి రావాలి, దాని లెక్కలు వేరు. అలాగే అప్‌డేట్ ఆగిపోయిన ఫోన్లలో బయటి సాఫ్ట్‌వేర్ ఎక్కించమని కొందరు కుర్రాళ్లు అడుగుతున్నారు. మనం చేయం. బ్యాంకు యాప్‌లు పనిచేయకపోతే మళ్లీ నా దగ్గరికే వస్తారు.

ఎక్స్ఛేంజ్ రేట్లు కూడా మారుతున్నాయి. ఇప్పటిదాకా ర్యామ్, స్క్రీన్, బ్యాటరీ చూసి రేటు కట్టేవాళ్లం. ఇకపై ప్యాచ్‌ల గడువు ఇంకా మిగిలి ఉన్న ఫోన్‌కి ఎక్కువ ఇస్తాం, అయిపోయినదానికి తగ్గిస్తాం. సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్లకు కూడా బిల్లు మీద అదే లైను ఉంటుంది.

మీ దగ్గర ఇప్పుడున్న ఫోన్‌కి ఎప్పటిదాకా అప్‌డేట్లు ఉన్నాయో తెలుసుకోవాలంటే ఫోన్, పాత బిల్లు తీసుకుని రండి, చూసి రాసిస్తాం, డబ్బులేం వద్దు. వేరే షాపులో కొన్నదైనా సరే. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య వస్తే కౌంటర్ ఖాళీగా ఉంటుంది. ఆదివారం సాయంత్రం మాత్రం వద్దు, ఆ రద్దీలో టెంపర్డ్ గ్లాస్ వేయడానికే మనిషి దొరకడు.