ఫార్మసిస్టు గోడ మీద ఉన్నారు, కౌంటర్లో లేరు

సంపాదకుడు గారికి నమస్కారం.

మాది పర్లాకిమిడి. పోయిన నెల మా అమ్మకి రెండు రోజులు జ్వరం, దగ్గు ఉంటే వీధి చివర మెడికల్ షాపుకి వెళ్లాను. చేతిలో డాక్టరు చీటీ లేదు. కౌంటర్లో కుర్రాడు జ్వరం ఎవరికి, వయసెంత అని కూడా అడక్కుండా సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ స్ట్రిప్పు తీసి, కత్తెరతో నాలుగు బిళ్లలు కత్తిరించి ఇచ్చేశాడు. ఇంటికొచ్చి చూస్తే గడువు తేదీ, చీటీ లేకుండా వాడొద్దని హెచ్చరించే ఎర్ర గీత ఉన్న ముక్క షాపులోనే ఉండిపోయింది. బిల్లు అడగాలని నాకూ తోచలేదు, తప్పులో నా వాటా అది.

సెఫిక్సిమ్ షెడ్యూల్ హెచ్1 మందు. 2014 మార్చి నుంచి ఉన్న రూలు ప్రకారం ఇలాంటివి చీటీ ఉంటేనే అమ్మాలి, డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని ఇచ్చారో వేరే రిజిస్టర్లో రాసి మూడేళ్లు దాచాలి. చీటీ చూసి మందివ్వాల్సింది రిజిస్టర్డ్ ఫార్మసిస్టేనని 1948 నాటి ఫార్మసీ చట్టం చెబుతోంది. ఆ షాపులోనూ ఫార్మసిస్టు ఉన్నారు లెండి, గోడ మీద ఫ్రేములో, సర్టిఫికెట్ రూపంలో. మనిషిని మాత్రం నాలుగేళ్లుగా నేను చూసిందే లేదు.

ఫార్మసిస్టులు ఎంత నిజాయితీగా పనిచేస్తున్నారో కొలవాలని కొందరు ప్రశ్నల కాగితాలు పట్టుకుని తిరుగుతుంటారు. చీటీ లేకుండా యాంటీబయాటిక్ ఇస్తారా అని అడిగితే ఇస్తామని ఎవరంటారండీ? ఢిల్లీ, ముంబై, పాట్నాల్లో అలా కాకుండా టీబీ లక్షణాలు చెప్పే ఉత్తుత్తి రోగుల్ని షాపులకి పంపి చూశారు, 2016లో ఫలితాలు వచ్చాయి. యాంటీబయాటిక్, స్టెరాయిడ్ అంటగట్టకుండా డాక్టరు దగ్గరికి వెళ్లమన్నది నూటికి 13 సార్లే. టీబీ ఉందన్న రిపోర్టు చూపిస్తే అది 62కి పెరిగింది. అసలు టీబీ మందులు మాత్రం ఒక్కరూ చేతికివ్వలేదు. ఎక్కడ ఆగాలో వాళ్లకి తెలుసన్నమాట, తెలిసినా అన్నిచోట్లా ఆగడం లేదు.

మా వైపు ఇంకా సులువైన లెక్క ఒకటుంది. హోల్‌సేల్ బిల్లుల ప్రకారం షాపుకి ఎన్ని హెచ్1 స్ట్రిప్పులు వచ్చాయి, అరల్లో ఎన్ని మిగిలాయి, రిజిస్టర్లో ఎన్ని రాశారు? తీసివేత వస్తే చాలు. డ్రగ్ ఇన్‌స్పెక్టరు ఏడాదికి ఒక్కసారైనా తనిఖీ చేయాలని రూలు ఎలాగూ ఉంది, వచ్చినాయన ఫ్రేము చూసి వెళ్లిపోకుండా ఈ లెక్క చూడాలి. ఆ తర్వాత ఒడియా, తెలుగు, సవర మాట్లాడే ముగ్గుర్ని మామూలు గిరాకీల్లా పంపాలి. ఎందుకంటే ఇక్కడ ఎవరికి ఎంత విడమరిచి చెబుతారన్నది అడిగే భాషని బట్టి కూడా మారుతోంది.

బజార్లో ఒక పెద్దాయన ఉన్నారు, ఫార్మసిస్టే, కౌంటర్ దగ్గర ఆయనే కూర్చుంటారు. గుమ్మ వైపు నుంచి వచ్చే సవర ఆడవాళ్లకి కవర్ మీద పొద్దుటి బిళ్లకి ఒక గీత, రాత్రి బిళ్లకి రెండు గీతలు గీసి, మళ్లీ వాళ్ల నోటితోనే చెప్పించుకుంటారు. చీటీ లేకుండా వస్తే పెద్దాసుపత్రికి పొమ్మంటారు. బేరం పోతుంది, ఎదురుగా ఇంకో షాపుంది కదా. తనిఖీ కాగితంలో ఆయన షాపుకీ, మా వీధి చివర షాపుకీ ఒకటే టిక్కు: లైసెన్సు ఉంది.

- ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా