కూల్చే తేదీ 3 వారాల ముందు చెప్పండి

నెల్లూరు నగరపాలక సంస్థ కమిషనర్ గారికి నమస్కారం.

కూల్చబోయే పాత సున్నపు మిద్దెల్లో బొమ్మలేసే చిత్రకారుల మనవి ఇది. తేదీ ముందే చెప్పండి, వీలైతే ఎండాకాలంలో పెట్టండి.

ముందే తెలిస్తే, కూల్చేలోపు గోడమీది బొమ్మను ఒలిచి తీయొచ్చు. వేడి వజ్రం బంకతో (జంతువుల తోలు, ఎముకల నుంచి తీసే జిగురు) దానిపై పల్చటి నూలుగుడ్డ రెండు పొరలు అంటిస్తాం. బంక ఎండి బిగుసుకుంటూ రంగుపొరను లాగేస్తుంది. వెనక కాన్వాస్ అతికాక, ముందు గుడ్డను వేడినీళ్లతో తీస్తాం. డిస్టెంపర్ బొమ్మయితే ఆ నీళ్లకే కరిగిపోతుంది. అక్టోబరు–డిసెంబరు వానల్లో బంక ఆరదు, బూజు పడుతుంది. ఉప్పు పొంగిన గోడను కడగనూ కూడదు. ఉప్పు కరిగి మళ్లీ లోపలికే పోతుంది, పొడి కుంచెతో దులపాల్సిందే.

ఇంకో మాట. జేసీబీ కంటే ముందొచ్చి తలుపులు, కిటికీలు పీకేవాళ్లను ఆపండి. చట్రం కదిలితే పక్కనున్న పూత బొమ్మతో సహా రాలుతుంది. కరెంటు తీసేసినా సర్దుకుంటాం, కుళాయి మాత్రం ఉంచండి.

ఇట్లు,
నెల్లూరు చిత్రకారులు